నీరు కోరని చిన్నకారు

కడప జిల్లాలోని ఎర్రగుంట్ల నాపరాతి గనులకును, సిమెంటు కర్మాగారములకును పేరుపొందిన ఊరు. వేసవి మధ్యాహ్నములందు రాతిలోడుతో ప్రొద్దుటూరు దారిని పోవు పాతలారీ ఒక్కొక్కప్పుడు నడిరోడ్డున నిలిచిపోవుచుండును. దాని ముందుభాగమునుండి ఆవిరి బుసలు కొట్టుచు వెలువడును. క్లీనరు డబ్బా చేతబట్టి నీటికై వెదకబోవును. డ్రైవరు వేపచెట్టు నీడను చతికిలబడును. ఇంజను చల్లారి, రేడియేటరులో నీరు పోసినగాని బండి కదలదు. మనుష్యులకు త్రాగునీరే కరవైన సీమలో యంత్రమునకును దాహమే!

నీటిని అడుగని ఇంజను గల కారు ఉండునా యని విద్యార్థులకు సందేహము కలుగవచ్చును. అట్టి కారు ఉండెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన వెనువెంటనే జర్మనీదేశమున తయారై, క్రమముగా లోకమంతట వ్యాపించిన వోక్స్‌వాగన్ అను చిన్నకారు అట్టిది. ఆ పేరునకు 'ప్రజల బండి' యని అర్థము. దాని గుండ్రని వీపును చూచి జనులు 'బీటిల్', అనగా పెంకుపురుగు, అని ముద్దుగా పిలిచిరి.

ఇంజనునకు దాహమేల కలుగునో ముందు తెలిసికొనవలెను. సిలిండరులో పెట్రోలు మండినపుడు పుట్టెడు వేడిలో కొంతభాగము మాత్రమే చక్రములను త్రిప్పు పనికి వచ్చును. మిగిలిన వేడి కొంత పొగగొట్టము ద్వారాను, కొంత సిలిండరు గోడల ద్వారాను బయటికి పోవలెను. పోనియెడల నూనె పలుచబడి, పిస్టను బిగిసికొని, ఇంజను చెడును. సాధారణముగా సిలిండరుల చుట్టును నీరు ప్రవహించి ఆ వేడిని గ్రహించి రేడియేటరునకు చేర్చును. అచ్చట గాలి తగిలి నీరు చల్లబడును. ఎర్రగుంట్ల మండలములోని కలమల్లయొద్ద థర్మల్ విద్యుత్కేంద్రమున కనబడు పెద్ద గోపురములలో జరుగునదియు ఇట్టి పనియే. (మిక్కిలి ప్రాచీనమైన తెలుగు శాసనము దొరకిన కలమల్లయు ఇదియే. భాషాభిమానులకు ఆ గోపురములకంటె ఆ రాయియే ముద్దు.) లారీలో నైనను, విద్యుత్కేంద్రమున నైనను వేడి తుదకు చేరునది గాలికే. నీరు నడుమ మూట మోయు కూలి మాత్రమే.

కూలి లేకుండ మూటను నేరుగా గాలికే అప్పగించిన నేమి? మోటారుసైకిలు ఇంజనును పరికించి చూచినచో సిలిండరు చుట్టును పలుచని లోహపు రెక్కలు వరుసగా ఉండుట కనబడును. వేడి ఆ రెక్కలలోనికి ప్రాకి పరచుకొనును. ఎదురుగాలి దానిని హరించును. ఉండచుట్టి పడవేసిన తడిబట్టకంటె దండెముపై పరచిన బట్ట త్వరగా ఆరునట్లే ఇదియును.

మోటారుసైకిలు ఇంజను గాలికి ఎదురుగా నుండును. వోక్స్‌వాగను ఇంజనో కారు వెనుకభాగమున మూతక్రింద దాగియుండెను. అందుచే దానికొక పంకాను అమర్చిరి. ఇంజను నడచుచున్నంతసేపు బెల్టు సాయమున ఆ పంకా తిరిగి, రేకుతొడుగు మార్గమున గాలిని సిలిండరుల రెక్కలపైకి త్రోయును. నాలుగు సిలిండరులలో రెండు కుడివైపునకును, రెండు ఎడమవైపునకును పరుండియుండును. నూనెను చల్లార్చు సాధనము కూడ ఆ గాలిదారిలోనే నిలిచియుండును. బండి కదలక నిలిచినను ఇంజను నడచుచున్నచో పంకా ఆగదు. అయితే బెల్టు తెగెనా, డ్రైవరు తక్షణమే ఇంజనును ఆపవలసినదే. గాలి తప్ప దానికి వేరు దిక్కు లేదు గదా!

ఈ ఏర్పాటు ఎండదేశములను తలచి చేసినది కాదు. జర్మనీలో శీతకాలపు రాత్రి ఆరుబయట నిలిపిన కారులో నీరు గడ్డకట్టును. గడ్డకట్టిన నీరు వ్యాకోచించి ఇంజనును పగులగొట్టును. కారునకై వేరుగా కొట్టము కట్టుకొనలేని సామాన్యునికి నీరు లేని ఇంజనే మేలని దీని నిర్మాత ఫెర్డినాండ్ పోర్షె ఎంచెను. చలికి జడిసి చేసిన ఆ ఇంజను ఎండకును పనికివచ్చెను. యుద్ధకాలమున దీని సైనికరూపమైన క్యూబెల్‌వాగన్ ఉత్తరాఫ్రికా ఎడారి యిసుకలో తిరిగినది.

ఈ కారు పుట్టుక మాత్రము శుభ్రమైన చరిత్ర కాదు. 1938లో హిట్లరు ప్రభుత్వము ఫాలర్స్‌లెబెన్ అను ఊరివద్ద దీనికై ఒక కర్మాగారమునకు శంకుస్థాపన చేసెను. వారమునకు ఐదు మార్కుల బిళ్లలు కొని పుస్తకమున అంటించుచు వచ్చినచో 990 మార్కులకే కారు దొరకునని ప్రకటించిరి. మూడు లక్షలకు పైబడిన జనులు నమ్మి సొమ్ము కట్టిరి. ఇంతలో యుద్ధము వచ్చెను. వారిలో ఒక్కరికిని ఆ కారు చేరలేదు. కర్మాగారము యుద్ధసామగ్రిని తయారుచేయసాగెను. పట్టి తెచ్చిన విదేశీయులచేతను, యుద్ధఖైదీలచేతను, నిర్బంధశిబిరముల బందీలచేతను అచ్చట వెట్టిచాకిరి చేయించిరి. ఆ కారు అందమును వర్ణించువారు తరచుగా ఈ సంగతిని దాటవేయుదురు.

1944లో బాంబులు పడి కర్మాగారపు పైకప్పు చాలవరకు కూలినది. 1945 ఏప్రిలులో అమెరికను సైన్యమును, తరువాత బ్రిటిషు సైన్యమును ఆ ప్రాంతమును వశపరచుకొనెను. ఆ ఊరికి వోల్ఫ్స్‌బర్గ్ అను కొత్తపేరు పెట్టిరి. ఓడిన దేశపు యంత్రములను ఊడదీసి, యుద్ధనష్టమునకు పరిహారముగా తరలించుట అప్పటి పద్ధతి. ఈ కర్మాగారమునకును ఆ గతి పట్టునట్లే యుండెను. 1945 ఆగస్టులో ఐవన్ హర్స్ట్ అను బ్రిటిషు మేజరు దీని బాధ్యత వహించుటకు వచ్చెను. అప్పటికి అతని వయస్సు 29 ఏండ్లు. సైన్యమునకు బండ్లు మిక్కిలి కొరతగా నుండుట అతడు ఎరుగును. ఒక కారునకు సైనికపు ఆకుపచ్చ రంగు వేయించి పై అధికారులకు చూపించెను. వారు మెచ్చి 20,000 బండ్లు కావలెనని ఉత్తరువు చేసిరి. ఆ ఉత్తరువే కర్మాగారమును కాపాడినది.

1945 డిసెంబరు 27న కారుల తయారీ వరుసగా మొదలయ్యెను. ఆ సంవత్సరము ముగియునప్పటికి తయారైనవి 55 మాత్రమే. ఇనుము లేదు, బొగ్గు లేదు, పనివారికి చాలినంత తిండి లేదు. అయినను 1946లో సుమారు 10,000 కారులు వెలువడెను. ఆ శీతకాలమున బొగ్గు దొరకక పని కొంతకాలము నిలిచిపోయెను కూడ.

ఆ తొలికారులను నేటివారు చూచినచో నవ్వుకొందురేమో. 1131 ఘనసెంటీమీటర్ల ఇంజను. దాని బలము 25 అశ్వశక్తులు మాత్రమే. గంటకు సుమారు 100 కిలోమీటర్ల వేగము దాని హద్దు. పెట్రోలు ఎంత మిగిలెనో చూపు ముల్లు లేదు. టాంకులో పెట్రోలు అడుగంటి ఇంజను తడబడినపుడు డ్రైవరు కాలియొద్ద నున్న మరను త్రిప్పవలెను; అప్పుడు మిగులుగా ఉంచిన ఐదు లీటర్లు వచ్చును. ఆ లోపల పెట్రోలు దొరకు చోటు చేరవలెను. బ్రేకులు తీగలతో లాగబడునవి. గేరు మార్చుట నేర్పుతో కూడిన పని. ఏమరినచో పండ్లు కొరికిన చప్పుడగును. వెనుక అద్దము రెండు ముక్కలు, నడుమ ఒక కమ్మి. బండి మలుపు తిరుగునపుడు ద్వారబంధమునుండి చిన్న చేయి వంటి పలక లేచి దిక్కు చూపును. అది పూర్వపు రైలు సిగ్నలు చేతికి తమ్ముడు.

1947 అక్టోబరులో మొదటి ఐదు కారులు హాలెండునకు ఎగుమతి అయినవి. 1948 జనవరిలో హైన్రిచ్ నోర్డ్‌హాఫ్ కర్మాగారమునకు ముఖ్యాధికారి యయ్యెను. అతడు కారు ఆకారమును మార్చక, లోపములను ఒక్కొక్కటిగా సవరించుచు వచ్చెను. 1949లో విదేశములకై మెరుగైన రకము వెలువడెను. 1950లో దానికి ద్రవపు ఒత్తిడితో పనిచేయు బ్రేకులు వచ్చినవి. 1952లో గేరుల బాధ చాలవరకు తగ్గెను. 1953లో వెనుక అద్దము నడిమి కమ్మి పోయి, అద్దము కోడిగ్రుడ్డువలె ఒకే ముక్క యయ్యెను. నేడు పాతకారులు సేకరించువారికి ఆ కమ్మి గలవియే అపురూపములు!

1955 ఆగస్టులో పదిలక్షలవ కారు వెలువడినది. 1972లో ఈ కారుల సంఖ్య ఒకప్పటి ఫోర్డు 'టీ' రకపు సంఖ్యను దాటెను. 2003 జూలై 30న మెక్సికోలోని ప్యూబ్లాలో చివరిది తయారగునాటికి మొత్తము 2 కోట్ల 15 లక్షలకు పైబడెను. అయితే గాలి ఇంజను చప్పుడు ఎక్కువ. దాని వేడిని ఒకే మట్టమున నిలుపుట కష్టము. అందుచే ఆ సంస్థయే 1974లో తెచ్చిన గోల్ఫ్ అను కారునకు నీటితో చల్లబడు ఇంజనును పెట్టుకొనెను.

తెలుగునేలపై ఈ సంస్థ కర్మాగారము విశాఖపట్టణమున వెలయునని 2005లో గొప్ప ఆశ రేగెను. అది నెరవేరలేదు. ఆ కర్మాగారము పుణె సమీపమున చాకణ్‌లో 2009లో ఆరంభమయ్యెను. రాయలసీమకు కారుల కర్మాగారము 2019లో వచ్చినది; పెనుకొండయొద్ద కొరియాదేశపు కియా సంస్థ దానిని నెలకొల్పెను. అచ్చటి పెట్రోలు కారులును నీటితో చల్లబడునవే.

గాలితో చల్లబడు ఇంజనును చూడగోరు విద్యార్థి ఎర్రగుంట్ల బజారులో నిలిపియున్న మోటారుసైకిలుయొద్దకు పోయిన చాలును. అప్పుడే వచ్చి ఆగిన బండియైనచో ఆ రెక్కలను వ్రేలితో ముట్టరాదు, చుఱుక్కున కాలును.