కల్లుకీ ఓ ఊరుంటుంది

"మావయ్యా, మనకి వైన్ రీజియన్ అంటూ ఏదీ లేదేంటి?" అన్నాడు మా మేనల్లుడు. వాడుండేది కాలిఫోర్నియాలో. శనాదివారాలొస్తే నాపా లోయలో ద్రాక్షతోటల వెంట తిరుగుతాడట. మాఘమాసంలో పెళ్లికని పెంటపాడు వచ్చి, అరుగు మీద కూర్చుని అరగంట సేపు క్లాసు పీకాడు. కాబెర్నే సావిన్యాన్ వేరట, పినో న్వార్ వేరట. ఒకే ద్రాక్ష కొండవాలులో పెరిగితే ఓ రుచి, పల్లంలో పెరిగితే ఇంకో రుచి. మట్టి, ఎండ, మంచు, అన్నిటికన్నా ముఖ్యం ఆ తోట ఎవరిదన్నది. సీసా మీద పేరు చూసే కొంటారట.

నేను మధ్యలో అడ్డం రాలేదు. చివర్లో మాత్రం, "రేపు తెల్లారి ఐదింటికి లే. మన రీజియన్ చూపిస్తా" అన్నాను.

నిజానికి ద్రాక్ష విషయంలో మనమేం తక్కువ తిన్లేదు. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు 'అనాబ్-ఎ-షాహీ' తోటలు ఎంత ఉండేవో పాతవాళ్లకి తెలుసు. రాజాగారి ద్రాక్ష అని దాని అర్థం. పెద్ద పెద్ద తెల్లటి పళ్లు, తినడానికే గానీ వైనుకి కాదు. ఆ తోటల్లో చాలామటుకు ఇప్పుడు అపార్ట్‌మెంట్లు. వైను సంగతికొస్తే, కర్ణాటకలో నంది కొండల దగ్గర 1988లో గ్రోవర్ వాళ్లు మొదలెట్టారు. తర్వాత నాసిక్‌లో సులా వచ్చింది. అక్కడ కూడా తీగకి చలికాలం నిద్ర ఉండదు కాబట్టి ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు, ఒక్కసారే కాయిస్తారు. మా డెల్టాలో అదీ కుదరదు. కాలవలు, వరిచేలు, కొల్లేరు మీంచి వచ్చే తేమ. ద్రాక్షాకు నాలుగు రోజుల్లో బూజు పట్టిపోతుంది. మన ఊళ్లో 'వైన్ షాపు' బోర్డు ఉంటుంది గానీ, అక్కడ వైను తప్ప అన్నీ దొరుకుతాయి!

అయితే వాడు చెప్పిన లెక్క మొత్తం, అంటే మట్టి, రకం, చేతి పని, పేరు, మాకు ఇంకోచోట ఉంది. తాడిచెట్టు మీద.

మర్నాడు తెల్లారగట్ల కాలవగట్టు మీదకి వెళ్లాం. మంచు ఇంకా విడలేదు. మాకు చిన్నప్పట్నుంచీ తెలిసిన గీత కార్మికుడు అప్పటికే రెండో చెట్టు మీదున్నాడు. యాభై ఎనిమిదేళ్లుంటాయి. పత్రికలో పేరు వెయ్యొద్దన్నాడు, వెయ్యట్లేదు. నడుముకి మోకు, వెనక కత్తులపెట్టె, కాళ్లకి బంధం. కిందకి దిగి మా వాడి చేతిలో తాటాకు దొప్ప పెట్టి ముంత వంచాడు.

వాడు ఒక్క గుక్క తాగి ఆగాడు. "తియ్యగా ఉందే!"

"పొద్దుటిది కదండీ. మజ్జాన్నానికి పులుపెక్కుద్ది. సాయంత్రానికి మాటలెక్కువౌతాయి" అన్నాడాయన.

దీని వెనక పెద్ద మాయేం లేదు. చెట్టు నీటిలో పదిపన్నెండు శాతం దాకా చక్కెర ఉంటుంది. గాలిలోని, ముంతలోని ఈస్టు అది పడ్డ క్షణం నుంచే పని మొదలెడుతుంది. కొన్ని గంటల్లో నాలుగైదు శాతం ఆల్కహాలు, మర్నాటికి వెనిగరు. ముంత లోపల సున్నం పూస్తే పులవదు, అదే నీరా. కల్లుకైతే పాత ముంతని మరీ తోమి కడగరు. అడుగున మిగిలిన చుక్కే కొత్త కల్లుకి తోడు, పాలకి మజ్జిగ తోడు వేసినట్టే. ద్రాక్షసారాయి ఏళ్ల తరబడి పీపాలో నిలవుంటే విలువ పెరుగుతుంది. కల్లుకి ఒక్క పగలే ఆయుష్షు. అందుకే దానికి సీసా లేదు, లేబులు లేదు, ఎగుమతీ లేదు. తాగాలంటే చెట్టు దగ్గరికి మనమే వెళ్లాలి.

రకాలంటారా? తాడిలోనే రెండు. పోతుతాడికి కాయలుండవు, పొడుగాటి గెలలు మాత్రం వేస్తుంది. వాటిని కట్టగా కట్టి, కర్రతో నొక్కి, రోజుల తరబడి మెత్తబరిస్తే తప్ప చుక్క రాలదు. ఆడతాడిని దాని పద్ధతిలో దాన్ని గీస్తారు. తెలంగాణలో అయితే పోద్దాడు, పరుపుదాడు, పండుదాడు అని కాలాన్ని బట్టి పేర్లే మారిపోతాయి. పోతుతాడి కల్లుదే రుచి అంటారు ఇక్కడి వాళ్లు. నేనూ ఆ పార్టీయే.

తాడేపల్లిగూడెం దాటి పడమటికి వెళ్తే నల్లరేగడి అయిపోయి ఎర్రమట్టి మెట్ట వస్తుంది. అక్కడ ఈతకల్లు ఉంటుంది. ఈతకి గెలని కాదు, మొవ్వు కింద మానునే చెక్కుతారు. ఒక ఏడాది ఒకవైపు, మరుసటేడు ఎదురువైపు. పాత ఈతచెట్టుని చూడండి, మెట్లు మెట్లుగా గంట్లు ఉంటాయి. లెక్కపెడితే ఎన్నేళ్లుగా గీస్తున్నారో తెలిసిపోతుంది. చలికాలపు ఈతకల్లు పలచగా, చల్లగా ఉంటుంది. ఇంకా పైకెళ్తే జీలుగుమిల్లి. ఆ ఊరి పేరులోనే ఒక చెట్టుంది. ఏజెన్సీ కొండల్లో జీలుగు కల్లు కుండలకొద్దీ దిగుతుంది. కానీ జీలుగుకి బతుకులో పూత పూసేది ఒక్కసారే. పైనుంచి కిందకి గెల తర్వాత గెల వేసుకుంటూ వచ్చి, ఆఖరి గెలతో ఎండిపోతుంది. కోనసీమ వైపు కొబ్బరికల్లు సంగతి మళ్లీ ఎప్పుడైనా.

ఇక సీసా మీద పేరు. మావాడు చెప్పిన దాంట్లో నాకు బాగా నచ్చింది అదే. కల్లుకి ఉన్న ఒకే ఒక్క గ్యారంటీ గీసినవాడి మొహం. క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రాజోలం లాంటివి కలిపిన కల్తీ కల్లు తాగి మనుషులు పోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. ఆ సరుక్కి చెట్టుతో పనే లేదు, నీళ్లూ పొడీ చాలు. ఇక్కడ గట్టు మీద మాత్రం "ఇది ఫలానావారి చెట్టు, ఫలానా చెయ్యి" అని చెప్తారు. కోత కాగితమంత పలచగా పడాలట. లోతు పడితే గెల ఎండిపోతుంది, తేలిగ్గా పడితే కారదు. రోజుకి రెండుసార్లు, కొన్ని చెట్లకి మూడుసార్లు ఎక్కాలి. ఇరవై చెట్లయితే రోజుకి నలభై ఎక్కుడు, నలభై దిగుడు. ఆయన మోకాలు చూపించాడు. నాలుగేళ్ల కిందట వానకి తడిసిన చెట్టు మీంచి జారాడు. సగంలో మోకు పట్టుకుంది కాబట్టి మనిషి మిగిలాడు. తెలంగాణలో 2024లో 'కాటమయ్య రక్ష' పేరుతో తాళ్లూ కొక్కేలూ ఉన్న కిట్లు ఇవ్వడం మొదలెట్టారని చెప్తే, "మాక్కూడా వస్తే బాగుణ్ను. కానీ దాంతో ఎక్కేవాడేడండీ?" అన్నాడు. కొడుకు హైదరాబాద్‌లో ఏసీలు బిగిస్తాడట.

ఈ వృత్తికి తక్కువ చరిత్రేం లేదు. 1953లో ఆంధ్రరాష్ట్రం పుట్టినప్పుడు మద్రాసు నుంచి మద్యనిషేధం కూడా మనతో వచ్చింది. మా వైపు శెట్టిబలిజలు, అన్నిచోట్లా గీత మీద బతికే కుటుంబాలు వీధిన పడ్డాయి. నిషేధం తీసెయ్యమని రామమూర్తి కమిటీ చెప్పింది. గౌతు లచ్చన్న గీత కార్మికుల తరఫున నిలబడ్డాడు. చివరికి 1954 నవంబరులో అసెంబ్లీలో ఒకే ఒక్క ఓటు తేడాతో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం పడిపోయింది. మన మొదటి ప్రభుత్వం కూలింది తాడిచెట్టు కిందే అని మా తాతగారు నవ్వుతూ అనేవారు.

అప్పుడు చెట్లున్నాయి, గియ్యనివ్వలేదు. ఇప్పుడు లైసెన్సు సహకార సంఘం ద్వారానో 'ట్రీ ఫర్ ట్యాపర్' పద్ధతిలోనో దొరుకుతుంది, చెట్లే లేవు. రొయ్యల చెరువుకి గట్టు వేస్తే తాడి అడ్డం, రోడ్డు వెడల్పు చేస్తే అడ్డం, ఇటుకబట్టీకైతే కట్టె. ఇరవై ఆరు చెట్లు గీసేవాడు ఈ ఏడు పంతొమ్మిది దగ్గర ఆగాడు. అందులో ఆరు, పొలం చేతులు మారడంతో ఉగాదిలోపు పోతాయట. మాకు దగ్గర్లోనే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. దాని పరిశోధనా స్థానం రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో తాడి మీదే పని చేస్తుంది. నీరా, తాటిబెల్లం అన్నీ చూస్తున్నారు. సంతోషమే. కానీ నరికిన చెట్టుకి బదులు చెట్టు ఎవరు నాటుతారో అడిగితే జవాబు చెప్పేవాళ్లు తక్కువ.

మావాడు రెండో దొప్ప ముగించి, "ఎంతివ్వమంటారండీ?" అని అడిగాడు. ఆయన చేత్తో వద్దన్నట్టు చూపించి, ఎదురు ప్రశ్న వేశాడు.

"మీ ఊళ్లో ఆ ద్రాక్షతీగలు నాటాక ఎన్నేళ్లకి కాస్తాయండీ?"

"మూడేళ్లకి."

"మాకు పదిహేనేళ్లు చూడాలండి. అప్పటిదాకా అది పోతో ఆడో కూడా తెలీదు."

అంటూ మమ్మల్ని గట్టు వెంబడి తీసుకెళ్లాడు. గతేడాది తాటిపళ్లు రాలినప్పుడు వరసగా పాతిన టెంకల మీద ముళ్లకంప పరిచి ఉంది. కొన్నిచోట్ల ఒంటాకు పైకొచ్చింది, కొన్నిచోట్ల గొయ్యి మాత్రమే ఉంది.

"పిల్లలండీ. తేగలకని తవ్వేస్తున్నారు" అని, జరిగిపోయిన కంపని కాలితో మళ్లీ సర్దాడు.