పోయేటప్పుడు తక్కువ, వచ్చేటప్పుడు ఎక్కువ!

రాజస్థాన్‌లో జోధ్‌పూర్, అస్సాంలో జోర్హాట్. రెండు చోట్లా విమానాశ్రయాలున్నాయి. అట్లాసు తీసి చూడండి, రెండూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద, 26½ డిగ్రీల దగ్గర కనిపిస్తాయి. ఒక విమానం ఎక్కడా ఆగకుండా ఈ రెండూళ్ళ మధ్య ఎగిరిందనుకోండి. ఎంత దూరం? ఎంతసేపు?

ముందు దూరం సంగతి చూద్దాం. జోధ్‌పూర్ రేఖాంశం 73 డిగ్రీలు, జోర్హాట్‌ది 94 డిగ్రీల పైచిలుకు. తేడా 21.1 డిగ్రీలు. భూమధ్యరేఖ మీదైతే డిగ్రీకి 111 కిలోమీటర్లు. కాని రేఖాంశాలు బత్తాయి తొనల అంచుల్లాంటివి. నడుమ ఎడంగా వుండి, ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి. 26½ డిగ్రీల దగ్గర ఆ 111 కాస్తా 99.3 అవుతుంది. (పదో తరగతివారు 26½ డిగ్రీల కొసైన్‌తో 111ని గుణించి చూసుకోవచ్చు.) 21.1ని 99.3తో గుణిస్తే సుమారు 2,100 కిలోమీటర్లు.

నిజానికి గోళం మీద దగ్గరి దారి కొంచెం ఉత్తరానికి వంగుతుంది. గ్లోబు మీద దారం బిగించి పట్టుకుంటే తెలుస్తుంది. ఇక్కడ కలిసివచ్చేది రెండు మూడు కిలోమీటర్లే కనుక వదిలేద్దాం.

గాలి కదలకుండా వుంటే, గంటకు 800 కిలోమీటర్లు పోయే విమానానికి 2 గంటల 37½ నిమిషాలు చాలు. పోనూ, రానూ ఒకటే.

ఇక్కడ తరగతిలో ఎవరో ఒకరు లేచి అడుగుతారు: "భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కదండీ! జోర్హాట్‌లో పైకి లేచి ఊరుకుంటే జోధ్‌పూరే కిందికి రావాలి కదా?" మంచి ప్రశ్నే. ఆ అక్షాంశం దగ్గర నేల గంటకు దాదాపు 1,490 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పోతోంది. ఆ లెక్కన గంటా పాతిక నిమిషాల్లో జోధ్‌పూర్ వచ్చేయాలి. రాదు! విమానమూ, దాన్ని మోసే గాలీ కూడా భూమితోపాటే తిరుగుతున్నాయి. పరుగెత్తే రైల్లో బంతిని ఎగరేస్తే మళ్ళీ మీ చేతిలోనే పడుతుంది గదా!

తమాషా ఏమిటంటే, చలికాలంలో పడమరకు పోవడానికే ఎక్కువసేపు పడుతుంది. ఆ రోజుల్లో హిమాలయాలకు దక్షిణంగా, 10, 12 కిలోమీటర్ల ఎత్తున, పడమర నుంచి తూర్పుకు పెద్ద గాలి ప్రవాహం సాగుతుంది. దాన్నే జెట్ ప్రవాహం అంటారు. దాని వేగం గంటకు 100 కిలోమీటర్లు దాటడం మామూలే. లెక్క సులువు కోసం 100 అనే తీసుకుందాం. గోదావరిలో పడవ వాలుకు పోవడం, ఎదురెక్కడం లాంటిదే ఇదీను. జోర్హాట్ వైపు పోయే విమానం వేగం 800కి 100 కలిసి 900. ప్రయాణం 2 గంటల 20 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో వేగం 700, కాలం 3 గంటలు.

40 నిమిషాల తేడా! దానికి సరిపడే ఇంధనం బయలుదేరే ముందే నింపుకోవాలి. దిగవలసిన చోట పొగమంచు కమ్మితే మరో విమానాశ్రయానికి పోవడానికి కూడా మిగలాలి. అందుకే పైలట్లు పైగాలుల వివరాలు చూసుకోనిదే బయలుదేరరు.

ఇంకో విచిత్రం గమనించారా? గాలి లేకపోతే రాకపోకలకు 5 గంటల 15 నిమిషాలు. గాలి వుంటే 5 గంటల 20 నిమిషాలు. గాలి ఇచ్చిందంతా వెనక్కు తీసుకుని, అయిదు నిమిషాలు వడ్డీ కూడా పుచ్చుకుందన్నమాట! ఎందుకంటే విమానం వాలుగాలిలో వున్నది 2 గంటల 20 నిమిషాలే, ఎదురుగాలిలో వున్నది 3 గంటలు.

గాలి వేగం 200 అయితే ఆ వడ్డీ ఎంత? పది నిమిషాలనకండి. 21 నిమిషాలు వస్తుంది, చేసి చూడండి.