ఇంజను ఆయిలు వినియోగం

ఇంజను ఆయిలు వినియోగం అనగా అంతర్దహన యంత్రంలో కందెనగా వాడే నూనె, యంత్రం నడుస్తున్న కొద్దీ దహన గదిలోకి చేరి మండిపోయి తరిగిపోవడం. దీనిని సాధారణంగా 1000 కిలోమీటర్ల ప్రయాణానికి ఇన్ని లీటర్లు అని లెక్కిస్తారు. మెకానిక్కుల వాడుకలో "బండి ఆయిలు తాగుతోంది" అనే మాట దీనినే సూచిస్తుంది. ఆయిలు బయటకు కారిపోవడం వేరు, లోపల మండిపోవడం వేరు. ప్రతి ఇంజనూ కొంత ఆయిలును ఖర్చు చేస్తుంది. అయితే వయసు మీరిన అధిక సామర్థ్యపు కార్లలో ఈ ఖర్చును గమనించకుండా ఉంటే ఇంజను పూర్తిగా పాడయ్యే ప్రమాదం ఉంది.

ఆయిలు చేసే పని

ఇంజనులో ఒకదానితో ఒకటి రాసుకునే లోహ భాగాల మధ్య ఆయిలు పలుచని పొరగా నిలిచి వాటి అరుగుదలను తగ్గిస్తుంది. వేడిని గ్రహించి భాగాలను చల్లబరుస్తుంది. మసిని, లోహపు రజనును ఫిల్టరు వద్దకు చేరుస్తుంది. పిస్టనుకు సాధారణంగా మూడు రింగులు ఉంటాయి. పై రెండూ ప్రధానంగా దహన వాయువుల ఒత్తిడిని ఆపుతాయి. మూడవది సిలిండరు గోడ మీది అదనపు ఆయిలును కిందికి గీకివేస్తుంది. గోడను పూర్తిగా పొడిగా తుడిచివేస్తే రింగులు అరిగిపోతాయి కాబట్టి పలుచని ఆయిలు పొర మిగిలి ఉండవలసిందే. ఆ పొరలో కొంత మండిపోతుంది. అందువలన ఆయిలు ఖర్చు శూన్యం కావడం అసాధ్యం.

ఎంత ఖర్చు సహజం?

1000 కిలోమీటర్లకు 1 లీటరు వరకు ఖర్చును కూడా సహజమేనని కొన్ని తయారీ సంస్థల చేతిపుస్తకాలు పేర్కొంటాయి. ఈ పరిమాణం పెద్దదిగా కనిపించినా, ఒక్కొక్క దహనానికి వచ్చే భాగం బహు స్వల్పం. ఉదాహరణకు 8 సిలిండర్ల ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరుగుతూ, కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకుందాం. 1000 కిలోమీటర్లకు 10 గంటలు, అనగా 600 నిమిషాలు పడుతుంది. అంటే మొత్తం 12 లక్షల చుట్లు. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ప్రతి సిలిండరు రెండు చుట్లకు ఒకసారి మండుతుంది కాబట్టి, ఒక చుట్టుకు 4 దహనాలు, మొత్తం 48 లక్షల దహనాలు. 1 లీటరు ఆయిలును ఇన్ని దహనాలకు పంచితే, సుమారు 5000 దహనాలకు 1 మిల్లీలీటరు మాత్రమే. రింగుల్లో కంటికి కనిపించని చిన్న లోపం కూడా ఆయిలు ఖర్చును ఎందుకు పెంచుతుందో దీనిని బట్టి గ్రహించవచ్చు.

కారణాలు

* పిస్టను రింగులు: రింగులు, సిలిండరు గోడలు అరిగినప్పుడు ఆయిలు పైకి చేరుతుంది. ఆయిలు రింగు రంధ్రాలు మసితో పూడుకుపోయినా ఇదే జరుగుతుంది. ఈ స్థితినే "ఇంజను బోరుకు వచ్చింది" అంటారు.
* వాల్వు సీళ్ళు: వాల్వు కాడల చుట్టూ ఉండే రబ్బరు సీళ్ళు ఏళ్ళ తరబడి వేడికి గట్టిపడి, బీటలువారి, ఆయిలును కిందికి జారనిస్తాయి.
* క్రాంకు పెట్టె గాలి మార్గం: క్రాంకు పెట్టెలోని వాయువులను తిరిగి ఇంజనులోకి పంపే కవాటం చెడిపోతే, వాయువులతోపాటు ఆయిలు కూడా లోపలికి లాగబడుతుంది.
* టర్బోచార్జరు: దీని సీళ్ళు అరిగితే ఆయిలు గాలి మార్గంలోకి గాని, పొగ గొట్టంలోకి గాని చేరుతుంది.

అధిక సామర్థ్యపు ఇంజనులు ఎక్కువ వేగంతో తిరుగుతాయి, ఎక్కువగా వేడెక్కుతాయి. కనుక వీటిలో ఆయిలు ఖర్చు మామూలు కార్లకన్నా ఎక్కువగా ఉండే అవకాశం ఉంది.

ఉదాహరణలు

1998లో విడుదలైన బి.ఎం.డబ్ల్యు. ఎం5 (ఇ39) కారులో 4.9 లీటర్ల, 400 అశ్వశక్తి గల 8 సిలిండర్ల ఇంజను ఉంది. దీనిలో 6.5 లీటర్ల ఆయిలు పడుతుంది. మొదట తయారైన కార్లకు ఆయిలు ఎక్కువగా తాగుతాయన్న పేరు వచ్చింది. 2000లో సంస్థ పిస్టను రింగులను మార్చింది. తరువాతి కార్లకు 10డబ్ల్యు-60 గ్రేడు ఆయిలును సూచించింది. 2003లో ఈ నమూనా ఉత్పత్తి ముగిసింది.

మాజ్డా ఆర్ఎక్స్-8 సంగతి వేరు. దీని రోటరీ ఇంజనులో మూల సీళ్ళు అరగకుండా, ఒక పంపు కొద్దిపాటి ఆయిలును దహన గదిలోకి పంపుతుంది. అనగా ఇక్కడ ఆయిలు ఖర్చు లోపం కాదు, నిర్మాణంలోనే ఉన్న లక్షణం.

గుర్తించే విధానం

ఆయిలు మండితే సైలెన్సరు నుండి నీలిరంగు పొగ వస్తుంది. కొంతసేపు ఆగి ఉన్న బండి కదిలినప్పుడు పొగ వస్తే వాల్వు సీళ్ళను, వేగం పెంచుతున్నప్పుడు వస్తే రింగులను ముందుగా అనుమానిస్తారు. నల్లని పొగ ఇంధనం ఎక్కువైనదానికి గుర్తు. ఇంజను వేడెక్కిన తరువాత కూడా ఆగని తెల్లని పొగ, చల్లబరిచే నీరు లోపలికి పోతున్నదనడానికి సూచన.

నిర్ధారణకు ప్రతి సిలిండరులో కంప్రెషను కొలుస్తారు. తక్కువగా ఉన్న సిలిండరులో కొద్దిగా ఆయిలు పోసి తిరిగి కొలిచినప్పుడు ఒత్తిడి పెరిగితే రింగులు అరిగాయని, పెరగకపోతే లోపం వాల్వుల వద్ద ఉండవచ్చని భావిస్తారు.

ప్రమాదాలు

డ్యాష్‌బోర్డు మీది ఎర్రని ఆయిలు దీపం సాధారణంగా ఆయిలు ఒత్తిడిని తెలుపుతుందే గాని మట్టాన్ని కాదు. అది వెలిగేసరికే నష్టం జరిగిపోయి ఉండవచ్చు. మట్టం తగ్గిన కారు మలుపులో వేగంగా తిరిగినప్పుడు ఆయిలు ఒక పక్కకు ఒరిగి, పంపు ఆయిలుకు బదులు గాలిని పీలుస్తుంది. అప్పుడు బేరింగుల మీది ఆయిలు పొర తెగిపోయి లోహం లోహంతో రాసుకుంటుంది. మండిన ఆయిలులోని భాస్వరం, క్యాటలిటిక్ కన్వర్టరు శక్తిని కూడా క్రమంగా తగ్గిస్తుంది.

తీసుకోవలసిన జాగ్రత్తలు

* బండిని సమతలం మీద నిలిపి, ఇంజను ఆపిన కొన్ని నిమిషాల తరువాత కొలకడ్డీతో మట్టం చూడాలి. పాత కార్లలో ఇంధనం నింపిన ప్రతిసారీ చూడటం మంచిది.
* పోసిన ఆయిలును, తిరిగిన కిలోమీటర్లను ఒక పుస్తకంలో రాసుకోవాలి. ఖర్చు ఉన్నట్టుండి పెరగడమే అసలు హెచ్చరిక.
* దగ్గర ప్రయాణాలే చేసే బండిలో ఇంధనం ఆయిలులో కలిసి మట్టం తగ్గనట్లే కనిపించవచ్చు. దూర ప్రయాణంలో ఆ ఇంధనం ఆవిరై, మట్టం ఒక్కసారిగా పడిపోతుంది. అందుచేత ప్రయాణం మధ్యలో కూడా పరీక్షించాలి.
* గరిష్ఠ గీతకు మించి పోయరాదు. ఎక్కువైన ఆయిలును క్రాంకు చిలికి నురగ చేస్తుంది.
* మరమ్మతును చవకైన గాలి మార్గపు కవాటంతో మొదలుపెట్టాలి. రింగులు మార్చడం ఖర్చుతో కూడిన పని కనుక, పరీక్షలతో నిర్ధారించుకున్న తరువాతనే దానికి పూనుకోవాలి.

ఇవి కూడా చూడండి

* అంతర్దహన యంత్రం
* పిస్టను
* కందెన
* టర్బోచార్జరు