పోషకాహార సూత్రాలు పళ్లెంలోకి రావాలంటే...

మనిషి రోజుకు ఏమి తినాలో, ఎంత తినాలో చెప్పే అధికారిక గ్రంథం ఒకటి మన దేశంలో ఉన్నదన్న సంగతి చాలామందికి తెలియదు. దానిపేరు ‘భారతీయులకు ఆహార మార్గదర్శకాలు’. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ దీనిని 1998లో తొలిసారి వెలువరించింది. 2011లో సవరించింది. 2024 మే నెలలో పదిహేడు సూత్రాలతో సరికొత్తగా ప్రజల ముందుంచింది. సూత్రాలు బాగున్నాయి. అయితే అవి పుస్తకంలోనే ఉండిపోతున్నాయా, పళ్లెం దాకా వస్తున్నాయా అన్నదే ప్రశ్న.

ఈ సంస్థ పుట్టుక కథ కూడా తెలుసుకోదగినదే. 1918లో తమిళనాడులోని కూనూరులో, రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు బెరిబెరి వ్యాధిపై పరిశోధనకు చిన్న విభాగం నెలకొల్పాడు. బాగా పాలిష్ పట్టిన బియ్యమే ప్రధానాహారమైన చోట ఆ జబ్బు ప్రబలేది. తవుడుతోపాటు బి1 విటమిన్ పోవడమే దానికి కారణం. ఆ విభాగమే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలింది, 1969లో జాతీయ సంస్థ అయింది. తెల్లని అన్నం ఒక్కటే చాలదన్న పాఠంతో మొదలైన సంస్థ, శతాబ్దం దాటాక కూడా అదే మాట చెప్పవలసి రావడం ఆలోచించవలసిన విషయం.

పళ్లెం లెక్క

రోజుకు 2000 కిలోకాలరీలు అవసరమైన వ్యక్తికి ఈ సంస్థ సూచించిన పళ్లెం ఇది: ధాన్యాలు, చిరుధాన్యాలు కలిపి 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు, మాంసం, చేపలు 85 గ్రాములు, ఆకుకూరలతో సహా కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, గింజలు 35 గ్రాములు, నూనెలు 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. ఇవన్నీ వండకముందు తూకాలు. మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించరాదని సంస్థ అంటుంది. కానీ వాస్తవంలో అది 50 నుంచి 70 శాతం దాకా ఉన్నదని, దేశంలోని మొత్తం వ్యాధిభారంలో 56.4 శాతానికి సరికాని ఆహారమే కారణమని అదే పత్రం తెలుపుతున్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది.

ఇప్పుడు ఈ పళ్లెం పక్కన రేషన్ సంచిని పెట్టి చూద్దాం. నలుగురు పెద్దవారున్న కుటుంబానికి నెలకు కావలసిన ధాన్యం 30 కిలోలు. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం ప్రాధాన్య కుటుంబంలో తలకు 5 కిలోల చొప్పున 20 కిలోలు అందుతుంది. 2023 జనవరి నుంచి అది ఉచితం కూడా. అంటే మూడింట రెండు వంతులు సర్కారే ఇస్తున్నది. అదే కుటుంబానికి పప్పులు, గుడ్లు, మాంసం వర్గంలో కావలసినది 10 కిలోలకు పైమాట. కూరగాయలు 48 కిలోలు. వీటిని ఆ చట్టం హక్కుగా ఇవ్వలేదు. చౌకగా దొరికేదానితో కడుపు నింపుకోవడం పేదవాని తప్పు కాదు. పళ్లెం ఒక మాట చెబుతుంటే సంచి మరొక మాట చెబుతున్నది.

పొలానికీ ఇదే సూత్రం

సర్కారు ఏది కొంటే రైతు అది పండిస్తాడు. కొనుగోలు కేంద్రం వరికి ఉండి రాగులకు లేకపోతే, బోరు ఎండేదాకా వరే వేస్తాడు. నీరు నిలిచిన వరిమడి నుంచి వెలువడే మీథేన్ వాయువు భూతాపాన్ని పెంచుతుంది. రాగులు, జొన్నలు తక్కువ వానతో గట్టెక్కుతాయి. కంది, పెసర, మినుము వంటి అపరాలు గాలిలోని నత్రజనిని వేళ్లలో నిలుపుకొని నేలకు బలమిస్తాయి. కనుక పళ్లెంలో అన్నం కొంత తగ్గి పప్పు, రాగి పెరిగితే మేలు ఒంటికే కాదు, భూగర్భజలానికి కూడా.

సరిహద్దుకు అటూ ఇటూ

తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన పొరుగు రాష్ట్రాలను చూస్తే, ఈ దిశగా కొన్ని అడుగులు పడిన సంగతి తెలుస్తుంది. కోలారు, పావగడ ప్రాంతాలవారికి ముద్ద, బళ్లారి వైపువారికి జొన్నరొట్టె తాతలనాటి తిండి. కర్ణాటక ప్రభుత్వం మద్దతు ధరకు రాగులు, జొన్నలు కొని, దక్షిణ జిల్లాలలో రాగులను, ఉత్తర జిల్లాలలో జొన్నలను రేషన్‌లో చేర్చింది. తాను అదనంగా ఇస్తున్న 5 కిలోల బియ్యానికి బదులు కందిపప్పు, నూనె, ఉప్పు, చక్కెర గల కిట్ ఇవ్వాలని 2025 అక్టోబరులో నిర్ణయించింది. పప్పు రావడం శుభమే. చక్కెర తగ్గించమని మార్గదర్శకాలు చెబుతుండగా అదే సంచిలో చక్కెర పెట్టడం మాత్రం పొసగని పని.

తమిళనాడు 2007 నుంచి కార్డుకు కిలో కందిపప్పు రాయితీపై ఇస్తున్నది. పై లెక్కలో అది పదోవంతు మాత్రమే అయినా లేనిదానికంటే నయం. అక్కడి బడి భోజనంలో గుడ్డు చాలాకాలంగా ఉన్నది. 2023లో నీలగిరి, ధర్మపురి జిల్లాలలో బియ్యంలో కొంతభాగానికి బదులు రాగులు ఇవ్వడం మొదలైంది.

ఒడిశా 2017లో చిరుధాన్యాల పథకం ప్రారంభించింది. గిరిజన రైతుల నుంచి రాగులు (గంజాం, ఉత్తరాంధ్ర తెలుగులో చోళ్లు) మద్దతు ధరకు కొని రేషన్‌లో ఇవ్వడం, కొన్ని జిల్లాలలో అంగన్‌వాడీ పిల్లలకు రాగి లడ్డూలు పెట్టడం అందులోని భాగం. ఆంధ్రప్రదేశ్ బడులలో 2023 మార్చిలో రాగిజావ ప్రవేశించింది.

బ్రెజిల్ నేర్పినది

వందకు పైగా దేశాలకు ఇటువంటి మార్గదర్శకాలు ఉన్నాయి. వాటిని ప్రభుత్వ కొనుగోళ్లతో ముడిపెట్టిన దేశంగా బ్రెజిల్‌ను చెప్పుకోవాలి. బడి భోజనానికి కేంద్రమిచ్చే నిధిలో కనీసం 30 శాతం చిన్న రైతు కుటుంబాల పంటకే ఖర్చు చేయాలని 2009లో అక్కడ చట్టం వచ్చింది. కర్మాగారపు తిండి మాని ఇంటివంట తినమని 2014 నాటి మార్గదర్శకాలు చెప్పాయి. 2020లో బడి భోజనంలో అటువంటి తయారీ సరుకులపై పరిమితి విధించారు. పిల్లవాని పళ్లానికీ ఊరి పొలానికీ మధ్య దారి వేయడమే అందులోని కీలకం.

మన దారిలో అడ్డంకులు లేకపోలేదు. 2025-26 ఖరీఫ్‌లో సాధారణ రకం వరి మద్దతు ధర క్వింటాలుకు 2369 రూపాయలు కాగా రాగులకు 4886 రూపాయలు. ధర రెట్టింపు దాటినా, దగ్గరలో కొనే కేంద్రం లేనిదే ఆ ధర కాగితానికే పరిమితం. చిరుధాన్యాలను దంచి, విసరి, శుభ్రం చేసే శ్రమ ఇన్నాళ్లూ స్త్రీల భుజాలపైనే పడింది. ఊరి దగ్గర మర లేకపోతే ఆ శ్రమను మళ్లీ మోయమని వారిని అడగడం న్యాయం కాదు. అన్నం తినడమే గౌరవమని, రాగి పేదల తిండి అని ఒక తరం నమ్మింది. ఇప్పుడు అదే రాగి నగరాల అంగళ్లలో అందమైన పొట్లాలలో బియ్యం కన్నా ఖరీదుగా అమ్ముడవుతున్నది.

కనుక ఏమి తినాలో ప్రజలకు బోధించడంతోనే ప్రభుత్వాల పని తీరిపోదు. రేషన్ సంచి, అంగన్‌వాడీ వంట, బడి భోజనం, కొనుగోలు కేంద్రం ఈ నాలుగూ ఆ పదిహేడు సూత్రాలకు అనుగుణంగా నడవాలి. పాఠశాల కమిటీలు, గ్రామసభలు ఈ లెక్కను అడిగే హక్కు గలవే. తల్లిదండ్రులు ఈసారి సమావేశానికి వెళ్లినప్పుడు, పిల్లవాని పళ్లెంలో పప్పు ఎంత, కూర ఎంత అని అడిగితే మార్పుకు అదే తొలి అడుగు కాగలదు.