ప్రయోగము - ఉపసంహారము: ఒక ఆంగ్ల అద్భుతనవలలో శక్తినిగ్రహము

అస్త్రవిద్యకు ప్రయోగము, ఉపసంహారము అని రెండంగములు కలవు. మొదటిది మాత్రమే యెఱిగినవాని విద్య అసమగ్రము. సౌప్తికపర్వకథ దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము. అశ్వత్థామ బ్రహ్మశిరోనామకాస్త్రమును విడువగా, దాని నడచుటకై అర్జునుడును అదియే విడిచెను. వ్యాసనారదులు నడుమ నిలిచి వారింపగా అర్జునుడు తన యస్త్రమును మరలించుకొనెను. అశ్వత్థామ మరలింపజాలకపోయెను, ఆ యస్త్రము పాండవస్త్రీల గర్భములపై బడెను. తిక్కన తెనిగించిన పదునైదు పర్వములలో నిదియు చేరియుండుటచే ఈ కథ తెలుగువారికి సుపరిచితము.

అమెరికన్ రచయిత్రి అర్సులా కె. లెగ్విన్ (1929-2018) 1968లో ప్రకటించిన 'ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' అను నవలను ఈ దృష్టితో పరిశీలింపవచ్చును. ఒకదానిపై మఱియొకదాని ప్రభావమును నిరూపించుట ఇచట ఉద్దేశము కాదు, సామ్యమును చూపుటయే.

ఎర్త్‌సీ ఒక ద్వీపసముదాయము. అచట ప్రతి వస్తువునకును ఒక నిజనామము కలదు. దాని నెఱిగిన మాంత్రికుడు ఆ వస్తువును శాసింపగలడు. కాని ఒకచోట కలిగించిన మార్పు లోకపు సమస్థితి నంతటిని కదలించును. కావుననే గురువగు ఒజియన్ వానను తొలగింపగలిగియు, చెట్టుక్రింద చేరి పరుండును. శిష్యుడగు గెడ్‌కు ఇది అసమర్థతవలె తోచును. అనంతరము రోక్ ద్వీపమందలి విద్యాలయమున, సహాధ్యాయితోడి స్పర్ధచే అతడు మృతురాలి ఆత్మను పిలుచును. ఆ త్రోవను ఛాయారూపమైన దుష్టశక్తి యొకటి లోకములోనికి వచ్చును. తెఱచిన వానికి మూయుట తెలియదు. దానిని మూయుటకు ప్రధానాచార్యుడగు నెమ్మెర్లె తన ప్రాణమునే వెచ్చింపవలసివచ్చెను. అశ్వత్థామను క్రోధమును, గెడ్‌ను గర్వమును ప్రేరేపించినవి. రెండుచోట్లను మూల్యమును చెల్లించినవారు అన్యులు.

భేద మిక్కడ నున్నది. అశ్వత్థామకు శాపమే శేషించెను. గెడ్ నిగ్రహమును నేర్చుకొనును. పెండార్‌లో మహాసర్పము ఆ ఛాయ నామమును చెప్పెదనని ఆశ చూపినను, తన రక్షణను వదలి ద్వీపవాసుల రక్షణనే కోరును. టెర్రెనాన్ అను ప్రాచీనశిల తనకు బలమిచ్చునని తెలిసియు, అది ప్రయోక్తనే దాసుని జేసికొనునని దానిని నిరాకరించును. తుదకు ఛాయను ఆయుధముతో సంహరింపడు. తన నామముతోనే దానిని పిలిచి, తనలోనికి చేర్చుకొనును. ఇదియే ఈ నవల చూపిన ఉపసంహారము.

అర్జునుని ఉపసంహారశక్తికి అతని బ్రహ్మచర్యవ్రతమే కారణమని భారతము చెప్పును. శక్తిని మరలించుట మంత్రమునకన్న ప్రయోక్తృశీలమున కధీనమని రెండు గ్రంథములును తెల్పుచున్నవి. 1945లో హిరోషిమా, నాగసాకి నగరములపై విడువబడిన అస్త్రములకు ఉపసంహారమంత్రము లేదు. అట్టిచోట విడువకుండుటయే ఉపసంహారము.