విషాదము వంశపారంపర్యమా?

ఇంటిలో ఒకరు నెలల తరబడి మనసు క్రుంగి కూర్చున్నచో, “అది వారి రక్తములోనే ఉన్నది” అని బంధువులు తీర్పు చెప్పుదురు. సంబంధములు సైతము వెనుకకు పోవును. ఆ తీర్పు ఎంతవరకు నిజమో విచారింతము.

మెదడులోని నాడీకణములు ఒకదానికొకటి వార్తలు పంపుకొనుటకు తోడ్పడు రసాయనములలో సెరొటోనిన్ ఒకటి. పని ముగిసిన సెరొటోనిన్‌ను తిరిగి కణములోనికి చేర్చు వాహకము కలదు. ఆ వాహకపు జన్యువును నియమించు భాగము కొందరిలో పొట్టిగను, కొందరిలో పొడవుగను ఉండును. న్యూజిలాండులోని డునెడిన్ నగరమున జన్మించిన 847 మందిని పరిశీలించిన శాస్త్రజ్ఞులు, పొట్టి రూపము గలవారు కష్టములు వచ్చినప్పుడు అధికముగా క్రుంగుదురని 2003లో ప్రకటించిరి. కాని 38,802 మంది వివరములను ఒకచోట చేర్చి చూచిన 2017 నాటి పరిశోధనలో ఆ సంబంధము నిలువలేదు.

వంశప్రభావము లేదని కాదు. ఈ వ్యాధి విషయమున మనుష్యుల నడుమగల భేదములో సుమారు 37 శాతము జన్యువులకు చెందునని కవలల పరిశీలనలు తెలుపుచున్నవి. అయితే అది ఒక్క జన్యువు పని కాదు. అనేక జన్యుభేదములు, ఒక్కొక్కటి రవ్వంతగా, కలిసి చేయు పని. తక్కినది జీవితానుభవములది.

కావున రక్తమును తీర్పరిగా నిలుపరాదు. క్రుంగినవారిని వంశము పేర నిందింపక, వైద్యుని కడకు తోడ్కొని పోవుటయే మన కర్తవ్యము.