వృద్ధాశ్రమమునకు చందా ఇచ్చుటకు ముందు

ఇల్లంతయు మగ్గముగా ఉన్న కాలమున ముసలివారికి కూడ ఇంట ఒక పని, ఒక పీట ఉండెడివి. నడుము వంగి గుంటమగ్గములోనికి దిగలేని తాత తెగిన పోగు అతుకు పెట్టుట మనుమలకు నేర్పుచుండెడివాడు. అవ్వ రాట్నము ముందు కూర్చుండి కండెలు చుట్టెడిది. సోలాపురము, భివండీలలో మరమగ్గములు పెరిగిన పిదప ఆ పీట పోయినది. కండెలు యంత్రమే చుట్టుచున్నది. బిడ్డలు పూనాకో బెంగుళూరుకో ఉద్యోగములకు పోవుచున్నారు. బీడీలు చుట్టి పిల్లలను చదివించిన తల్లులు ఒంటరిగా మిగులుచున్నారు. తప్పు ఫలానావారిదని తేల్చుట మా ఉద్దేశము కాదు.

ఈ కారణముచేతనే మన సంఘములలో వృద్ధాశ్రమము మాట వచ్చుచున్నది. మంచి మాటయే. కాని కట్టడము నమూనా, శంకుస్థాపన ముహూర్తము, దాతల పేర్లు చెక్కు రాయి, వీని మీద జరుగునంత చర్చ ఆ కట్టడములో ఉండబోవు మనిషిని గురించి జరుగుట లేదు.

ముందుగా ఒక అపోహ తీరవలెను. లాభాపేక్ష లేని సంస్థ అనగా అంతయు ఉచితమని కాదు. ఇచ్చుకోగలవారి వద్ద రుసుము తీసికొనవచ్చును. మిగిలిన పైకము నిర్వాహకులు పంచుకొనక తిరిగి ఆ వృద్ధుల కొరకే ఖర్చు పెట్టవలెను. అంతియే దాని అర్థము. మంచము పట్టినవారికి స్నానము చేయించి, పక్క మార్చు ఆయాలకు తగిన జీతము ఇయ్యక "ఇది సేవ" అని చెప్పుట సేవ కాదు. మజూరీ కోతపడిన నాటి బాధ మన నేతవారికి ఒకరు చెప్పనక్కరలేదు.

ఇచ్చట ఫ్రాన్సు దేశపు ముచ్చట ఒకటి చెప్పవలసియున్నది. 1839లో జాన్ జుగాన్ అను స్త్రీ, ఇండ్లలో పనిచేసి బ్రతికినది, దిక్కులేని ఒక గ్రుడ్డి ముసలమ్మను తన గదికి తెచ్చి తన మంచము ఆమెకిచ్చినది. పిదప బుట్ట పట్టుకొని ఇంటింట యాచించి మరికొందరిని సాకినది. ఆమె స్థాపించిన సన్యాసినుల సంస్థ 1882లో కలకత్తాకు వచ్చినది. బెంగుళూరు, సికిందరాబాదులలో కూడ దాని ఆశ్రమములు వెలసినవి. ఏ మతమని అడుగక పేద వృద్ధులను చేర్చుకొనుట వారి పద్ధతి. ఆ జాన్ జుగాన్ 1879లో చనిపోవునాటికి, ఆమెయే స్థాపకురాలని ఆ మఠములోని పడుచు సన్యాసినులలో పెక్కుమందికి తెలియదు. మన ఊళ్లలో ఫ్యాను రెక్కల మీద కూడ దాత పేరు వ్రాయించుట చూచినప్పుడు ఆమె మాకు జ్ఞాపకము వచ్చును.

అన్నిటికంటె పెద్ద విషయము ఆస్తి. "ఇల్లు మా పేర వ్రాసి ఇండు, చివరి దాక చూచుకొందుము" అను మాట బిడ్డలు అన్నను, ఆశ్రమము అన్నను జాగ్రత్త పడవలసినదే. తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమముల చట్టము 2007లో వచ్చినది. దాని 23వ సెక్షను ప్రకారము, చూచుకొనవలెనను షరతుతో ఆస్తి పుచ్చుకొని చూడనిచో ఆ దస్తావేజును ట్రిబ్యునలు రద్దు చేయవచ్చును. అట్టి షరతు ఉన్నదని రుజువు కావలెనని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పినది. 2025 జనవరిలో మరియొక తల్లి కేసులో, ఈ చట్టమును వృద్ధుల మేలు కోరి చదువవలెనని చెప్పి, కుమారునికి ఇచ్చిన దానపత్రమును కొట్టివేసినది. కావున ఎవరికి వ్రాసినను షరతును నోటిమాటగా విడువక దస్తావేజులోనే వ్రాయించవలెను. ఇక ఆశ్రమము మాటకు వచ్చినచో, చేరువారి ఇల్లుగాని, మగ్గాల షెడ్డుగాని, బ్యాంకు పుస్తకముగాని తన చేతికి తీసికొను సంస్థకు మన సంఘము చందా ఇయ్యరాదని మా అభిప్రాయము. పింఛను కాగితము, ఆధారు, పాసుబుక్కు ఆ మనిషి పెట్టెలోనే ఉండవలెను. వెళ్లిపోదునన్న నాడు తలుపు తెరువవలెను.

భాష సంగతి చిన్నదిగా తోచును, కాని కాదు. బరంపురములో ఒరియా, కంచిలో అరవము, సోలాపురములో మరాఠీ బజారున ధారాళముగా మాట్లాడిన పెద్దలే మతిమరుపు జబ్బు ముదిరినప్పుడు నేర్చుకొన్న భాష జారిపోయి తల్లిభాషకు వత్తురు. నొప్పి ఎక్కడో తెలుగులో చెప్పినచో అర్థము చేసికొనువారు లేకున్న, ఆ ముసలివానిని మొండివాడందురు. పగలొకరు, రాత్రి ఒకరు తెలుగు వచ్చినవారు పనిలో ఉండవలెనని కోరుట అతిశయము కాదు. యానాములో ఈ చిక్కు లేదు.

మన కులమువారికే అను నియమము పెట్టవలెనా? మా మాట: వలదు. మన వంటయు మన పలుకుబడియు ఉన్నచోటికి మనవారు తామే వత్తురు. పక్కవీధి బెస్త ముసలమ్మను గుమ్మములో నుండి పంపివేసి దేవుని పటము ముందు దీపము పెట్టుట మాకు రుచించదు.

ఓపిక ఉన్నవారు రాట్నము త్రిప్పెదమన్న త్రిప్పనీయవలెను. అందుకు కూలి ఇయ్యవలెను. ఓపిక లేదన్నవారిని "ఊరక తినుచున్నావు" అనరాదు.

చూడబోవువారు వార్షికోత్సవము నాడు గాక, చెప్పకుండ రాత్రి భోజనము వేళకు పోవలెను. పళ్లెములో ఏమున్నదో, పక్కగుడ్డలు ఎట్లున్నవో చూడవలెను. ఫిర్యాదుల పుస్తకము అడుగవలెను. అందులో ఒక్క ఫిర్యాదు లేకున్న మరింత అనుమానింపవలెను. ఎక్కడైన వృద్ధులను కొట్టుట, బంధించుట కంటబడినచో 14567 అను ప్రభుత్వపు టెలిఫోను నంబరు ఉన్నది.

సర్వసభ్య సమావేశములో చందా తీర్మానము వచ్చినపుడు, ఆడిటు అయిన లెక్కలు బల్ల మీద పెట్టుమని ఎవరో ఒకరు లేచి అడుగవలెను. పుణ్యకార్యమునకు అడ్డు వచ్చినాడని కొందరు విసుగుకొందురు. విసుగుకొననిండు.